రాసిందే లెక్క, పలికింది కాదు: హీబ్రూ అక్షరాల కూడిక

వరంగల్ మండి బజార్‌లో కాసేపు నిలబడితే ఆటోల అద్దాల మీద, దుకాణాల బోర్డుల మీద, బిల్లు బుక్కుల నెత్తిన 786 కనబడుతూనే ఉంటుంది. లక్కీ నంబర్ అని చెప్పి ఊరుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి అదొక కూడిక. బిస్మిల్లా వాక్యాన్ని అరబిక్‌లో రాసి, ఒక్కో అక్షరానికి ఉన్న విలువ వేసుకుంటూ పోతే బిస్మ్ 102, అల్లాహ్ 66, అర్రహ్మాన్ 329, అర్రహీమ్ 289 వస్తాయి. మొత్తం 786. రహ్మాన్ అనేటప్పుడు "మా" దీర్ఘం నోట్లో గట్టిగానే వినిపిస్తుంది గానీ, మామూలు రాతలో దానికి అలిఫ్ అక్షరం వెయ్యరు. అందుకే కూడికలోనూ అది లేదు. నోటిని నమ్మి అలిఫ్ కలిపితే 787 అవుతుంది.

ఈ అరబిక్ పద్ధతి పేరు అబ్జద్. హీబ్రూలో దీని తోబుట్టువు గెమాత్రియా. రెండింట్లోనూ 1 నుంచి 400 దాకా అక్షరాల వరుస ఒకటే, విలువలూ ఒకటే. హీబ్రూకు 22 అక్షరాలే కనుక 400 దగ్గర ఆగిపోతుంది. అరబిక్‌లో మిగిలిన ఆరు అక్షరాలు 500 నుంచి 1000 దాకా తీసుకుంటాయి.

కాజీపేట, హన్మకొండ, జమ్మికుంట దిక్కు బైబిలు స్టడీలకు పోయేవాళ్ల ఫోన్లలోకి హీబ్రూ అంకెల మెసేజ్‌లు తరచూ వచ్చి పడుతుంటాయి. ఫలానా మాట విలువ ఇంత, ఫలానా మాట విలువా అంతే, కాబట్టి రెండూ ఒకటే అని వాటి వరస. ఆ "కాబట్టి" సంగతి తర్వాత చూద్దాం. ముందు కూడిక సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం రావాలి. చాలా మెసేజ్‌లు అక్కడే కూలిపోతాయి.

అక్షరాల పేర్ల కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. తెలుగు బైబిలులో 119వ కీర్తన తీయండి. 176 వచనాలు, ఎనిమిదేసి వచనాలకు ఒక హీబ్రూ అక్షరం పేరు శీర్షికగా ఉంటుంది. అదే వరుస:

ఆలెఫ్ 1, బేత్ 2, గీమెల్ 3, దాలెత్ 4, హే 5, వావ్ 6, జాయిన్ 7, హేత్ 8, తేత్ 9.

యోద్ 10, కఫ్ 20, లామెద్ 30, మేమ్ 40, నూన్ 50, సామెహ్ 60, అయిన్ 70, పే 80, సాదె 90.

ఖొఫ్ 100, రేష్ 200, షీన్ 300, తౌ 400.

కఫ్, మేమ్, నూన్, పే, సాదె మాట చివర వస్తే ఆకారం మారుతుంది. మామూలు పద్ధతిలో విలువ మాత్రం మారదు. "పెద్ద లెక్క" అనే ఇంకో పద్ధతిలో ఆ అంత్యరూపాలకు వరుసగా 500, 600, 700, 800, 900 ఇస్తారు. ఏ పద్ధతిలో కట్టారో చెప్పకుండా అంకె ఒక్కటే పంపేవాళ్లను ముందు అడగాల్సింది ఈ సంగతే.

ఇక మన దగ్గర జరిగే అసలు పొరపాటు. తెలుగు అక్షరాల్లో రాసుకున్న హీబ్రూ మాటకు విలువ కట్టడం. ఇది కుదిరే పని కాదు. తెలుగులో "త" అని రాసింది తేత్ కావచ్చు, తౌ కావచ్చు. ఒకటి 9, ఇంకొకటి 400. "క" అంటే కఫ్ 20 లేదా ఖొఫ్ 100. "స" అంటే సామెహ్ 60, లేకపోతే షీన్ ఆకారంలోనే ఉండి ఎడమ చుక్కతో "స" పలికే సీన్ 300. "హ" అంటే హే 5 లేదా హేత్ 8. "వ" వినబడితే అది వావ్ అయినా కావచ్చు, చుక్క లేని బేత్ అయినా కావచ్చు. అన్నిటికన్నా ఎక్కువ ముంచేది అయిన్. గొంతు లోపలి నుంచి వచ్చే ఆ ధ్వని తెలుగులో లేదు, రాతలో ఏదో ఒక అచ్చుగా మిగిలిపోతుంది. అచ్చులు లెక్కలోకి రావు కదా అని దాన్ని వదిలేస్తారు, లేదంటే ఆలెఫ్ అనుకుని 1 వేస్తారు.

అబ్రాహాము సేవకుడు ఎలీయెజెరు పేరు దీనికి మంచి పరీక్ష. ఆదికాండం 14:14లో అబ్రాము తన ఇంట పుట్టిన 318 మందిని తీసుకుని యుద్ధానికి పోతాడు. ఆ 318 మంది ఎవరో కాదు, ఎలీయెజెరు ఒక్కడే అని యూదుల ధర్మచర్చల గ్రంథం తల్ముదులో (నెదారిమ్ 32ఎ) ఒక వ్యాఖ్య ఉంది, పేరు విలువ అంతే కాబట్టి. కట్టి చూడండి: ఆలెఫ్ 1, లామెద్ 30, యోద్ 10, అయిన్ 70, జాయిన్ 7, రేష్ 200. మొత్తం 318. తెలుగు రాతను చూసి మధ్యలో ఉన్న "యె"ను ఆలెఫ్‌గా తీసుకుంటే 249 వస్తుంది. వ్యాఖ్యే తప్పనిపిస్తుంది.

పద్ధతి ఇది. ముందు మాట ఏ వచనంలోదో తేల్చుకోండి. ఆ వచనపు మసోరెటిక్ హీబ్రూ పాఠం, అంటే యూదు పండితులు అచ్చు గుర్తులతో స్థిరపరచిన మూలం, తెరవండి. ఫోన్లో ఉచితంగా దొరికే బైబిలు యాప్‌లు చాలావాటిలో ఉంటుంది. అక్షరాల కిందా మీదా ఉన్న చుక్కలు, గీతలు అచ్చు గుర్తులు, స్వర గుర్తులు. వాటికి విలువ లేదు. హల్లులను కుడి నుంచి ఎడమకు, కాగితం మీద ఒక్కో వరుసకు ఒక్కటి చొప్పున దించుకోండి. పక్కన విలువ, ఆ పక్కన అప్పటిదాకా అయిన మొత్తం. కూడే ముందు అక్షరాలు ఎన్నున్నాయో లెక్కబెట్టి వచనంతో సరిచూసుకోండి. అక్షరాలు ఎక్కువ తక్కువైతే కూడిక ఎంత బాగా చేసినా దండగే.

ఇక్కడ రెండు గుంతలున్నాయి. ఒకటి, నిఘంటువులో ఉండే రూపం వేరు, వచనంలో ఉండే రూపం వేరు. "ఆ", "మరియు", "లో", "కు" లాంటి అర్థాలిచ్చేవి హీబ్రూలో మాటకు ముందు ఒక్క అక్షరంగా అతుక్కుంటాయి: హే, వావ్, బేత్, లామెద్. అవి ఉంటే విలువ 5, 6, 2, 30 పెరుగుతుంది. సాతాను అన్న మాటకు ముందు హే కలిపితేనే 364 వస్తుంది (హే 5, షీన్ 300, తేత్ 9, నూన్ 50). సంవత్సరంలో 364 రోజులే వాడికి అధికారం, ప్రాయశ్చిత్త దినాన లేదు అని తల్ముదు (యోమా 20ఎ) చెప్పేది ఆ హేతో కలిపే. హే తీసేస్తే 359, ఆ 364 రోజుల మాటకు అర్థమే ఉండదు.

రెండో గుంత స్ట్రాంగ్స్ నంబర్లు. పాస్టర్లు ఎక్కువగా వాడే ఆ పదసూచికలో హీబ్రూ మాటలకు 1 నుంచి 8674 దాకా వరుస సంఖ్యలుంటాయి. యెహోవా నామానికి అక్కడ 3068. అది క్యూలో టోకెన్ నంబర్ లాంటిది, విలువ కాదు. విలువ: యోద్ 10, హే 5, వావ్ 6, హే 5, మొత్తం 26. 3068 పట్టుకుని ప్రసంగం కట్టినవాళ్లను చూస్తే జాలేస్తుంది.

మీ మొత్తం, ఎదుటివాళ్ల మొత్తం కలవనప్పుడు మళ్లీ మొదటి నుంచి కూడకండి. తేడా ఎంతో చూడండి, తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది. తేడా 391 అయితే తేత్, తౌ తారుమారయ్యాయి. 80 అయితే కఫ్, ఖొఫ్. 240 అయితే సామెహ్, సీన్. 69 అయితే ఆలెఫ్, అయిన్. 3 అయితే హే, హేత్. ఈ రెండూ చూడ్డానికి కూడా దగ్గరగా ఉంటాయి. 196 వస్తే చూపు పొరపాటు: దాలెత్, రేష్ మధ్య తేడా మూల దగ్గర పొడుచుకొచ్చిన చిన్న ముక్క మాత్రమే. 18 అయితే బేత్‌ను కఫ్ అనుకున్నారు. 20 అయితే అంత్య మేమ్‌ను సామెహ్ అనుకుని ఉంటారు, సన్న అక్షరాల్లో రెండూ గుండ్రంగా మూసుకుపోయి కనిపిస్తాయి. 560 అయితే ఒకరు అంత్య మేమ్‌కు 600 వేశారు, ఇంకొకరు 40 వేశారు. 650 అయితే అదే గొడవ నూన్‌తో. తేడా సరిగ్గా 1 అయితే అది తప్పు కాకపోవచ్చు: "కోలెల్" అని ఒక ఆనవాయితీ ఉంది, మాట మొత్తానికి కలిపి ఇంకో 1 వేసుకోవచ్చని. నన్నడిగితే, ఒకటి అటో ఇటో జరుపుకోవచ్చు అన్న చోట లెక్క సగం చచ్చిపోయినట్టే.

తేడా 10 లేదా 6 వస్తే అది వర్ణక్రమం సంగతి, దీని దగ్గర కొంచెం ఆగాలి. యోద్, వావ్ హల్లులుగానే కాకుండా అచ్చులను చూపడానికీ వాడతారు. కాబట్టి ఒకే మాటను యోద్ వేసి, వేయకుండా రెండు రకాలుగా రాయొచ్చు. దావీదు పేరు సమూయేలు గ్రంథాల్లో దాలెత్, వావ్, దాలెత్: 14. దినవృత్తాంతాల్లో మధ్యలో యోద్ చేరుతుంది: 24. మత్తయి మొదటి అధ్యాయంలో వంశావళిని పద్నాలుగేసి తరాలుగా విడగొట్టడం దావీదు పేరు విలువ కోసమేనని చాలామంది పండితులు అంటారు. ఆ మాట నిలవాలంటే పొట్టి రాతే తీసుకోవాలి.

ఇంతకన్నా ముచ్చటైన తగాదా వస్త్రపు అంచున కట్టే కుచ్చుల గురించి. హీబ్రూలో వాటి పేరు చీచీత్. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ ఇట్ల కట్టాడు: ఆ మాట విలువ 600, దారాలు 8, ముడులు 5, మొత్తం 613, ధర్మశాస్త్రంలోని ఆజ్ఞల సంఖ్య. సాదె 90, యోద్ 10, సాదె 90, యోద్ 10, తౌ 400, అవును, 600. 13వ శతాబ్దపు ఇంకో యూదు వ్యాఖ్యాత రంబాన్ అడ్డం తిరిగాడు. సంఖ్యాకాండం 15లో ఆ మాటకు రెండో యోద్ లేదే, 590 కదా అని. ఈ లోటుకు తొసాఫోత్ (తల్ముదు మీద మధ్యయుగపు వ్యాఖ్యలు) రాసినవాళ్లు ఒక దారి చూపించారు: అక్కడ ఆ మాట మూడుసార్లు వస్తుంది, ఒకచోట ముందు లామెద్ ఉంది, లామెద్ అంటే 30, మూడు మాటలకు పది పది పంచితే లోటు పూడుతుంది. తెలివికి మెచ్చుకోవాల్సిందే. లెక్క ముందు పుట్టి, సమర్థన తర్వాత వచ్చిందని మాత్రం స్పష్టంగా కనబడుతుంది.

ఈ రాత తేడానే 666 కథను నడిపిస్తుంది. ప్రకటన గ్రంథం 13:18 మృగం సంఖ్యను లెక్కించమంటుంది. నీరో కైసరు పేరును గ్రీకు పలుకు ప్రకారం హీబ్రూ అక్షరాల్లో "నెరోన్ కైసర్" అని రాస్తే నూన్ 50, రేష్ 200, వావ్ 6, నూన్ 50, ఖొఫ్ 100, సామెహ్ 60, రేష్ 200. మొత్తం 666. కైసర్ మాటకు మామూలుగా యోద్ వేస్తారు, అప్పుడు 676 అవుతుంది కదా అని పాత అభ్యంతరం. మృత సముద్రం దగ్గర వాదీ మురబ్బాత్‌లో నీరో కాలపు అరామిక్ పత్రం ఒకటి దొరికి 1961లో అచ్చయింది. అందులో యోద్ లేకుండానే ఉంది. ఇంకో సాక్ష్యం: లాటిన్ పలుకు ప్రకారం "నెరో" అని రాస్తే చివరి నూన్ పోతుంది, 50 తగ్గి 616 అవుతుంది. కొన్ని పాత ప్రతుల్లో 616 అని ఉన్నట్టు 2వ శతాబ్దంలోనే క్రైస్తవ బిషప్పు ఇరేనియస్ రాసి, అది తప్పని కొట్టిపారేశాడు. 1999లో ప్రచురించిన ప్రకటన గ్రంథపు పాత ప్రతి, పపైరస్ 115లో ఉన్నది 616. రెండు అంకెలూ ఒకే పేరుకు అతకడం ఈ వివరణకున్న బలం.

దీని పక్కన మన వాట్సాప్ సరుకు పెట్టి చూడండి. ఇంగ్లీషు ఏకు 6, బీకి 12, సీకి 18 అని ఆరు రెట్లు వేసుకుంటూ పోతే కంప్యూటర్ అన్న మాట 666 అవుతుందంటారు. కూడిక నిజమే: అక్షరాల స్థానాలు కూడితే 111, ఆరు రెట్లు 666. కానీ ఆరుతో ఎందుకు గుణించాలి? 666 రావాలి గనుక. ఇంకొకటి, ఇంటర్నెట్ అడ్రసుల ముందు వచ్చే మూడు డబ్ల్యూలు మూడు వావ్‌లని, కాబట్టి 666 అని. మూడు వావ్‌లు 18. హీబ్రూ అంకెలకు స్థానపు విలువ లేదు, అంతా కూడికే. ఆరు వందల అరవై ఆరు రాయాలంటే తౌ, రేష్, సామెహ్, వావ్ కావాలి.

ఈ పొరపాటు మనకు సులభంగా ఎందుకు వస్తుందంటే, మన దగ్గరున్న అక్షర సంఖ్యా పద్ధతి వేరు. కటపయాదిలో అక్షరం ఒక అంకె అవుతుంది, దాని చోటును బట్టి ఒకట్లో పదులో తేలుతుంది. మేచకల్యాణిలో మ 5, చ 6. తిరగేసి చదివితే 65వ మేళకర్త. అక్కడ 5, 6 కలిపి 11 అనరు. గెమాత్రియాలో కలపడమే పని.

హీబ్రూవాళ్లకు ఇది ముందు రోజువారీ అంకెల రాత, రహస్యాలు ఆ తర్వాత. ఇప్పటికీ తేదీలు, అధ్యాయాలు, సంవత్సరాలు అక్షరాల్లో రాస్తారు. 2025 సెప్టెంబరులో మొదలైన యూదుల సంవత్సరం 5786. వేలు వదిలేసి తౌ, షీన్, పే, వావ్ అని రాస్తారు, 400, 300, 80, 6. పదిహేనును యోద్, హే అని రాయరు, దేవుని నామంలో భాగం అవుతుంది కనుక. తేత్, వావ్ అంటారు, 9, 6. పదహారు తేత్, జాయిన్. 304ను షీన్, దాలెత్ అని రాస్తే "దయ్యం" అని చదవొస్తుంది, అందుకని అక్షరాలు అటు ఇటు మార్చేస్తారు. కూడిక కదా, క్రమం మారినా విలువ మారదు.

ఇప్పుడు "కాబట్టి" దగ్గరికి వద్దాం. ఒక్కటి అన్న మాట, ఎహాద్, 13. ప్రేమ, అహవా, 13. రెండూ కలిస్తే దేవుని నామం 26. ద్రాక్షారసం, యాయిన్, 70. రహస్యం, సోద్, 70. రసం లోపలికి పోతే రహస్యం బయటికొస్తుంది అని తల్ముదు (ఎరువిన్ 65ఎ). కల్లు మండువ దగ్గర కూర్చున్నోళ్లకు ఈ లెక్క వేరే చెప్పాల్సిన పనిలేదు. తండ్రి 3, తల్లి 41, బిడ్డ 44. ఇవన్నీ అందంగా ఉన్నాయి. మరి సర్పం, నాహాష్, 358; మెస్సీయ, మషీయహ్, అదీ 358. ఇక్కడ ఒకరు మెస్సీయ సర్పాన్ని గెలుస్తాడంటారు, ఇంకొకరు సర్పమే మెస్సీయ వేషం వేస్తుందంటారు. అంకె ఇద్దరికీ తల ఊపుతుంది. 12వ శతాబ్దంలో యూదు వ్యాఖ్యాత ఇబ్న్ ఎజ్రా ఆ 318 మీద వ్యాఖ్య రాస్తూ ఇదే అన్నాడు: లేఖనం గెమాత్రియాలో మాట్లాడదు, ఈ దారిన ఏ పేరునైనా మంచికీ తిప్పొచ్చు చెడుకూ తిప్పొచ్చు.

ఇన్ని జతలు ఎందుకు కుదురుతాయో చెప్పడానికి పెద్ద గణితం అక్కర్లేదు. హీబ్రూ ధాతువులు ఎక్కువగా మూడక్షరాలవి. మూడూ తౌలే అయినా 1200 దాటదు. స్ట్రాంగ్స్‌లో పేర్లు, అరామిక్ మాటలు కలిపి ఎనిమిది వేల ఆరువందల పైచిలుకు మాటలున్నాయి. అన్ని మాటలు దాదాపు అంత చోట్లో సర్దుకోవాలంటే ఒక్కో అంకె మీద అరడజను మాటలు పడక తప్పదు. దానికి కోలెల్, పెద్ద లెక్క, అక్షరాలకు 1 నుంచి 22 దాకా వరుస సంఖ్య వేసే పద్ధతి, సున్నాలు కొట్టేసే చిన్న లెక్క కలిపితే ఏ మాటకైనా చుట్టాలు దొరుకుతారు.

దీనికి గట్టి ఉదాహరణ ఆదికాండం మొదటి వచనం. ఏడు మాటలు, 28 అక్షరాలు. బెరేషీత్ 913, బారా 203, ఎలోహీమ్ 86, ఏత్ 401, హషమాయిమ్ 395, వెఏత్ 407, హాఆరెచ్ 296. మొత్తం 2701. అది 37ను 73తో గుణిస్తే వచ్చేది. జ్ఞానం, హొఖ్మా, మామూలు లెక్కలో 73, వరుస సంఖ్యల్లో 37. నిజంగానే కుదిరింది, ఎవరైనా కట్టి చూసుకోవచ్చు. అదే వచనాన్ని పెద్ద లెక్కలో కట్టండి: అంత్య మేమ్ రెండు చోట్ల, అంత్య సాదె ఒక చోట, 560, 560, 810 పెరిగి 4631 అవుతుంది. 4631 అంటే 11 గుణించు 421. 37 లేదు, 73 లేదు. పైగా జ్ఞానానికి రెండు పద్ధతులు వాడి, వచనానికి ఒకటే వాడారని గమనించండి. మెసేజ్‌లో ఎప్పుడూ కుదిరిన లెక్కే వస్తుంది, కుదరనివి పంపరు.

అందుకే ఏ లెక్క వచ్చినా నేను చూసేది మూడు సంగతులు. ఆ రాత ఏ వచనంలో ఉంది, పద్ధతిని ముందే చెప్పారా ఫలితం చూశాక ఎంచుకున్నారా, అంకె తీసేసినా చెప్పే బోధ లేఖనంలో వేరేచోట నిలుస్తుందా. రబ్బీలు, అంటే యూదు గురువులు, చాలావరకు మూడోదాన్ని పాటించారు: ముందే ఒప్పుకున్న సంగతికి గెమాత్రియా తగిలించారు, గెమాత్రియా మీద కొత్త సిద్ధాంతం కట్టలేదు. యూదుల మౌఖిక ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలోని అవోత్ 3వ అధ్యాయం దీన్ని జ్ఞానానికి నంజుకునేదానిగా పెట్టింది.

యేసు పేరుతో మెసేజ్ వస్తే ఏ భాషో చూడండి. 888 గ్రీకు రాతకు: ఇయోటా 10, ఈటా 8, సిగ్మా 200, ఓమిక్రాన్ 70, ఉప్సిలాన్ 400, సిగ్మా 200. హీబ్రూ యేషువా 386: యోద్ 10, షీన్ 300, వావ్ 6, అయిన్ 70. ఒక భాషలో మొదలుపెట్టి ఇంకో భాషలో ముగించిన లెక్కను పక్కన పెట్టేయొచ్చు.

ఇంకా మిగిలింది "నా పేరుకు ఎంత వస్తుంది" అన్న ప్రశ్న. పేరు బైబిలుది అయితే చెప్పొచ్చు: మిర్యాము 290. రమేశ్ అయితే రేష్, మేమ్, షీన్ అని రాస్తే 540, "ర"లోని అ కారానికి ఆలెఫ్ వేస్తే 541, ఏ కారానికి యోద్ కూడా వేస్తే 551. తెలుగు పేరుకు హీబ్రూలో స్థిరమైన రాత లేదు, కాబట్టి స్థిరమైన అంకె కూడా లేదు. దానికి ఒకే అంకె చెప్పి, పేరులో అక్షరం కలపమని ఫీజు అడిగేవాళ్లను ఏ రాత పట్టుకుని కట్టారో కాగితం మీద పెట్టమనండి.